కూర ఏదో తేల్చుకున్నాకే షార్డొనే కొనండి

మన ఊళ్లలో వైన్ షాపు అని బోర్డు ఉన్నచోట దొరకనిది ఒక్క వైనే. బ్రాందీ, విస్కీ, బీరు అరల నిండా ఉంటాయి, వైన్ కావాలంటే మాత్రం కౌంటర్‌లో కుర్రాడు మన మొహం ఓసారి చూసి, మూల నుంచి దుమ్ము పట్టిన తియ్యటి పోర్ట్ వైన్ బాటిల్ తీసిస్తాడు. చిత్తూరులో ఉంటూ షార్డొనే అనే తెల్ల వైన్ తాగడం అలవాటు చేసుకున్న నాలుగైదేళ్లలో నేను బాగానే డబ్బు తగలేశాను. నాసిరకం బాటిళ్ల మీద పోయింది తక్కువే, మంచి బాటిల్‌ని పొసగని కూర పక్కన పెట్టి పోగొట్టుకున్నదే ఎక్కువ.

షార్డొనే అంటే కంపెనీ కాదు, ద్రాక్ష రకం పేరు. ఫ్రాన్స్‌లోని బర్గండీ దాని సొంతూరు. దీనికి తనదంటూ గట్టి వాసన ఉండదు, పండిన చోటును బట్టి, తయారుచేసిన పద్ధతిని బట్టి మారిపోతుంది. చలిప్రాంతంలో పండితే నిమ్మ, పచ్చి యాపిల్ రుచి, ఎండ ఎక్కువున్న చోట పండితే అనాస, మామిడి వాసన (మన తోతాపురి కాదు, బాగా మగ్గిన బంగినపల్లి). పుల్లదనం తగ్గించడానికి వైన్‌ని ఇంకోసారి పులియబెడతారు, వెన్న వాసన అక్కడి నుంచి వస్తుంది. ఓక్ చెక్క పీపాల్లో ఉంచితే వెనీలా, కాల్చిన రొట్టె వాసన పడుతుంది. అందుకే ఒకే పేరున్న రెండు బాటిళ్లు ఒకటి నిమ్మరసంలా, ఇంకోటి మీగడలా ఉంటాయి. కొనేముందు మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఓక్ ఉన్నదా, లేనిదా. అది తేల్చేది మీ పొయ్యి మీద ఉన్న గిన్నె.

ఒక కనుమ రోజు మా బామ్మర్ది వస్తున్నాడని రెండు వేలు దాటిన ఓక్ షార్డొనే ఒకటి దాచి ఉంచాను. ఇంట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు, పక్కన ఊరిమిండి. మొదటి గుక్కకే కారం నెత్తికెక్కింది, రెండో గుక్కకు కట్టెపుల్ల నమిలినట్టుంది, మూడో గుక్క ఎవరూ తాగలేదు. మా అత్తమ్మ ఏమీ అనకుండా చెంబుతో మజ్జిగ తెచ్చి పెట్టింది. తప్పు బాటిల్‌ది కాదు. షార్డొనేలో ఆల్కహాల్ సుమారు 13 శాతం ఉంటుంది, అది మిరపకాయ మంటను ఇంకా రగిలిస్తుంది, ఓక్ చేదు దానికి తోడవుతుంది. పైగా చింతపండు పులుపు వైన్ పులుపును మించిపోతే వైన్ నీళ్లలా చప్పబడుతుంది. కాబట్టి పులుసులు, ఊరగాయ, పచ్చిమిరప కారం ఉన్న రోజు షార్డొనే జోలికే పోకండి. వైన్ ఉండి తీరాలంటే కొంచెం తీపి ఉండే చెనిన్ బ్లాంక్ తీసుకోండి, దేశీ కంపెనీలవి తేలిగ్గా దొరుకుతాయి, ధర కూడా తక్కువే.

మరి దేనితో బాగుంటుంది? ఓక్ లేనిది వేపుళ్లకు. సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే పులికాట్ రొయ్యల్ని కారం తగ్గించి, మిరియాలు, నిమ్మకాయతో వేయించి తిని చూడండి, నూనె జిడ్డును ఆ పులుపు నాలుక మీద నుంచి కడిగేస్తుంది. పెనం మీద కాల్చిన చేప, నిప్పట్లు, మసాలా వడ, వేయించిన జీడిపప్పు కూడా ఇదే లెక్క. ఓక్ ఉన్నది మెత్తగా, కమ్మగా ఉండే వంటలకు: కొబ్బరిపాలు పోసిన కోడికూర, తెల్ల కుర్మా, నెయ్యి పలావు, పనీర్ బటర్ మసాలా, పుట్టగొడుగులు. శాకాహారులైతే నెయ్యి, మిరియాలు, జీడిపప్పు వేసిన పొంగలితో తాగి చూడండి (టిఫిన్ పొంగలి సంగతి చెబుతున్నా, ప్రసాదం కాదు). ఓళిగలు, కజ్జికాయలతో మాత్రం వద్దు, తీపి పక్కన తీపి లేని వైన్ నిమ్మ ఉప్పులా తగులుతుంది.

ఇక డబ్బు సంగతి. 750 మిల్లీలీటర్ల బాటిల్‌కి 150 చొప్పున ఐదు గ్లాసులు. 1,500 రూపాయల బాటిల్ అంటే గ్లాసు 300, ఇలా లెక్క వేసుకుంటే ఎవరి ముందు ఏది తెరవాలో తెలుస్తుంది. కొత్త ఫ్రెంచి ఓక్ పీపా ఒక్కోటి లక్ష రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, అందులో పట్టేది దాదాపు 300 బాటిళ్లు. అంటే ఒక్కసారికే వాడితే పీపా ఖర్చే బాటిల్‌కి 300 పైన, పన్నులు, రవాణా రాకముందే. అందువల్ల చవక బాటిల్ మీద ఓక్ అని రాసి ఉంటే చాలాసార్లు పీపా కాదు, వైన్‌లో చెక్క ముక్కలు నానబెట్టి ఉంటారు. అదేం మోసం కాదు గానీ రుచి మొరటుగా ఉంటుంది. నా మాట వింటే తక్కువ డబ్బుకి ఓక్ లేనిదే కొనండి, ఓక్ కావాలంటే డబ్బు జమయ్యేదాకా ఆగండి.

మన దేశంలో షార్డొనే చేసేవాళ్లు తక్కువ. మహారాష్ట్ర అక్లూజ్‌లో తోటలున్న ఫ్రటెల్లి కంపెనీది దొరికితే మొదటి బాటిల్‌గా అది చాలు. బయటి దేశం వైన్ మీద చాలాకాలం 150 శాతం దిగుమతి సుంకం ఉండేది, అంటే అక్కడి మామూలు వైన్‌కి ఇక్కడ రాజభోగం ఖరీదు. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చాక, దిగుమతి ధర 5 నుంచి 15 అమెరికా డాలర్ల మధ్య ఉన్న అక్కడి బాటిళ్లకు సుంకం 100 శాతానికి దిగింది, పదేళ్లలో 50కి తగ్గాలి. కాబట్టి దిగుమతి వైన్‌లో జేకబ్స్ క్రీక్ లాంటి ఆస్ట్రేలియా షార్డొనే మొదట చూడండి, తర్వాత చిలీలోని కాసాబ్లాంకా లోయది. ఫ్రాన్స్‌లోని బర్గండీ బాటిళ్ల మీద చాలావరకు షార్డొనే అన్న మాటే కనిపించదు, ఊరి పేరు ఉంటుంది. షాబ్లీ అంటే చాలావరకు ఓక్ తగలనిది, మాకోన్-విలాజ్ అంటే ఆ ప్రాంతంలో జేబుకి అందేది. అమెరికా నుంచి చెన్నైలో దిగే బంధువులుంటే డ్యూటీఫ్రీలో ఈ పేర్లు చెప్పండి, ఒక్కొక్కరికి 2 లీటర్ల దాకా అనుమతి ఉంది, రసీదు పారేయొద్దనండి. పలమనేరు దాటితే కర్ణాటకే కదా అని బెంగళూరు నుంచి కారులో పెట్టుకొచ్చే ఆలోచన మానుకోండి, పర్మిట్ లేకుండా పక్క రాష్ట్రం సరుకు తెస్తే కేసు, కారు కూడా పోలీస్ స్టేషన్‌లోనే ఉంటుంది.

షాపులో బాటిల్ చేతికి తీసుకోకుండా డబ్బివ్వకండి. మన ఎండలకు గోడవారగా నెలల తరబడి నిలబెట్టిన వైన్ ఉడికిపోతుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే లేత గడ్డిరంగు ఉండాలి, టీ డికాషన్ వైపు తిరిగిందంటే పక్కన పెట్టేయండి. మూత కిందనుంచి జిగట కారినా, బిరడా పైకి పొడుచుకొచ్చినా అంతే. సంవత్సరం చూడండి, చవక రకాలకు రెండు మూడేళ్లు దాటకూడదు, పాతబడితే విలువ పెరుగుతుందన్న మాట ఈ ధరలో నడవదు. తిప్పే మూత ఉంటే చిన్నచూపు చూడకండి, బిరడా వల్ల వచ్చే తడి అట్టపెట్టె వాసన దానికి రాదు. రిజర్వ్ అన్న మాటకి చాలా దేశాల్లో చట్టపరంగా అర్థమేమీ లేదు, దానికోసం వంద రూపాయలు కూడా ఎక్కువ పెట్టొద్దు.

కొన్నాక నేరుగా ఇంటికి. మే నెలలో ఒక బాటిల్‌ని రెండు గంటలు డిక్కీలో వదిలేసి వంటకి కూడా పనికిరాకుండా చేశాను. బాటిల్ కారులో ఉండగా తిరుమల ప్రయాణం పెట్టుకోకండి, కొండ మీద మద్యం నిషేధం, అలిపిరిలో తనిఖీ ఉంటుంది, మరిచిపోయానంటే వినరు.

ఫ్రిజ్‌లో మూడు గంటలు పెట్టండి. ఓక్ లేనిది తీసిన ఐదు నిమిషాలకు, ఓక్ ఉన్నది పావుగంట ఆగి పోయండి, మరీ చల్లగా ఉంటే డబ్బు పెట్టి కొన్న వాసనే తెలియదు. స్టీలు గ్లాసు వద్దు, కాడ ఉన్న వైన్ గ్లాసులు లేకపోతే మామూలు గాజు గ్లాసులో సగానికి పోసుకోండి. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది, ఆ తర్వాత వెల్లుల్లి, వెన్నతో రొయ్యలు వేయించేటప్పుడు అరగ్లాసు పోసి మంట పెంచండి.