మాస్టర్ ప్లాన్‌లో మీ గల్లీ ఒకలా, నేల మీద ఇంకోలా ఉంటే ఏం చేయాలి?

వరంగల్ కొత్తవాడలో పొద్దున పూట సందుల్లో నడిస్తే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో వంట, మధ్యలో పిల్లల బడి సంచులు. ఈ ఊరి జంపఖానాలకు వరంగల్ డర్రీల పేరుతో 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాస్టర్ ప్లాన్ అంటే ఊళ్లో ఏ స్థలాన్ని దేనికి వాడాలో జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్‌కు ఒక్కో రంగు వేసి చూపే ప్రణాళిక. మరి ఇలాంటి ఇంటికి మాస్టర్ ప్లాన్ పటంలో ఏ రంగు వేయాలి? నివాసమని వేస్తే మగ్గం లెక్కలోకి రాదు. పరిశ్రమ అని వేస్తే ఇల్లు లెక్కలోకి రాదు.

ప్లాన్ గీసేవాళ్లు ఉపగ్రహ చిత్రాలు చూస్తారు, కొంత సర్వే చేస్తారు. ఉపగ్రహానికి పైకప్పు కనిపిస్తుంది కానీ దాని కింద ఏం నడుస్తుందో కనిపించదు. అది చెప్పాల్సింది అక్కడ ఉండేవాళ్లే. ఒక్కొక్కరుగా ఆఫీసుల చుట్టూ తిరిగేకంటే, గల్లీ మొత్తం కలిసి ఉన్నది ఉన్నట్టు రాసి ఇస్తే ఆ కాగితానికి బరువు ఉంటుంది. ఆ పని ఎలా చేయాలో మేం చేసి నేర్చుకున్నంత వరకు చెబుతాను.

ముందు మీ స్థలం ఎవరి పరిధిలో ఉందో చూడండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట, చుట్టుపక్కల ఊళ్లు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా పరిధిలోకి వస్తాయి. కుడా 2041 మాస్టర్ ప్లాన్ 181 గ్రామాలతో కలిపి సుమారు 1,805 చదరపు కిలోమీటర్లకు వర్తిస్తుంది. అంతకుముందు దశాబ్దాల పాటు ఊరు 1970ల నాటి ప్లాన్ కిందే పెరిగింది. ఈలోపు 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడింది, ఆ నేలలో ఇళ్లు లేచాయి. హంటర్ రోడ్డు, నయీంనగర్ లాంటి చోట్ల ఇళ్ల ముందు భాగాలు మడిగెలయ్యాయి. కాగితానికీ నేలకూ మధ్య దూరం ఇలాగే పెరుగుతుంది.

కరీంనగర్ వైపు వాళ్లకు సుడా, నిజామాబాద్ వాళ్లకు నుడా ఉన్నాయి. పట్టణాభివృద్ధి సంస్థ లేని చిన్న పట్టణాల్లో మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో అడగాలి.

రెండు పటాలూ చూడాలి

చాలామంది ఒక్క పటం చూసి ఆగిపోతారు. మాస్టర్ ప్లాన్‌లో కనీసం రెండు పటాలుంటాయి. ఒకటి ప్రస్తుత భూ వినియోగ పటం, అంటే ప్లాన్ తయారుచేసే నాటికి అక్కడ ఏముందని వాళ్లు అనుకున్నారో అది. రెండోది ప్రతిపాదిత భూ వినియోగ పటం, అంటే ముందు ముందు అక్కడ ఏం రావాలని అనుకుంటున్నారో అది.

మొదటి పటంలోనే తప్పుంటే మీ పని కాస్త సులువు. అప్పుడు మీరు అడిగేది మినహాయింపు కాదు, తప్పు దిద్దమని. మొదటి పటం సరిగ్గానే ఉండి రెండోదాంట్లో మాత్రం రంగు మారిందంటే అది కావాలని తీసుకున్న నిర్ణయం. దానికి జవాబు వేరుగా రాయాలి. మీ సమస్య ఈ రెండింటిలో ఏదో తేల్చుకున్నాకే కలం పట్టండి.

వాట్సాప్‌లో తిరిగే మ్యాప్ ముక్కలను నమ్మి టెన్షన్ పడొద్దు. పటం మూలలో ఉండే రంగుల పట్టిక చూడండి, గ్రామం పేరు, సర్వే నంబరుతో పోల్చుకోండి. మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో రాసిచ్చే భూ వినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోండి. నోటిమాట కంటే అది మేలు.

ఇంకోటి, జోనింగ్ నిబంధనల పట్టిక కూడా చదవండి. ఏ జోన్‌లో దేన్ని అనుమతిస్తారో, దేన్ని షరతులతో ఒప్పుకుంటారో అందులో ఉంటుంది. మీరు చేసుకుంటున్న చిన్న పని ఆ జోన్‌లో ఇప్పటికే చెల్లుతుండొచ్చు. అలాంటప్పుడు జోన్ మార్చమని అడగడం అనవసరం.

గల్లీ నడవండి, గడప గడపకూ రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఒక నోట్‌బుక్, సర్వే నంబర్లున్న గ్రామ పటం జిరాక్స్, ఇద్దరు మనుషులు చాలు. ఇద్దరిలో ఒకరు ఆ గల్లీలో అందరికీ తెలిసినవాళ్లయితే మంచిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవండి. పొద్దున కూరగాయల బండ్లున్న చోట సాయంత్రం మిర్చి బజ్జీల బండి ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కలైతే మిర్చి, పత్తి సీజన్‌లో ఒకలా, వానాకాలంలో ఇంకోలా ఉంటుంది. ఒక్క పూట చూసి రాస్తే సగమే రాసినట్టు.

నోట్‌బుక్‌లో గీతలు కొట్టుకుని ఇంటి నంబరు, అంతస్తు, దేనికి వాడుతున్నారు, ఎప్పటి నుంచి, ఎంతమంది పని చేస్తారు, సరుకు లారీలో వస్తుందా ఆటోలోనా, చప్పుడు ఉందా, మురుగునీరు ఎటు పోతుంది అనేవి రాయండి. అంతస్తుల వారీగా రాయడం మరవొద్దు. కింద మడిగె, పైన ఇల్లు అంటే అది మిశ్రమ వినియోగం. పైన ఇల్లు ఉందని రాయకపోతే అది ఉత్త దుకాణంగా మిగిలిపోతుంది.

మేం తిరిగిన సందులో బయటి నుంచి నాలుగే దుకాణాలు కనిపించాయి. తలుపు తట్టి అడుగుతూ పోతే పని నడిచే ఇళ్లు పదిహేను దాటాయి. ఒక ఇంట్లో మెట్ల కింద పిండి గిర్ని ఉంది. గోడ మీద, స్విచ్ బోర్డు మీద, కిటికీ ఊచల మీద తెల్లటి పిండి పొర. గిర్ని నడిపే అవ్వ మా నోట్‌బుక్ చూసి, "బిడ్డా, గిది రాస్కపోతే గిర్ని బంద్ చేస్తరా ఏంది?" అని అడిగింది. "లేదవ్వా, రాయకుంటేనే ఇక్కడ గిర్ని లేదనుకుంటరు" అన్నాం. ఆమె కొంచెంసేపు ఆలోచించి, పెట్టె తెరిచి గిర్ని పెట్టిన నాటి మోటారు బిల్లు తీసి చూపించింది. మడతల దగ్గర చిరిగిపోయినా తేదీ మాత్రం స్పష్టంగా ఉంది.

ఆ భయం చాలా ఇళ్లలో ఉంటుంది, అందులో నిజమూ ఉంది. నివాసంగా పన్ను కడుతూ దుకాణం నడిపితే పన్ను కేటగిరీ మారవచ్చు, కరెంటు మీటరు గృహ కేటగిరీ నుంచి వాణిజ్యానికి మారవచ్చు. ఈ సంగతి ముందే చెప్పండి. ఒప్పుకున్నవాళ్ల వివరాలే ఇంటి నంబరుతో రాయండి. మిగతావాటిని ఆ సందులో ఇలాంటి పనులు ఇన్ని ఉన్నాయని మొత్తంగా రాయండి. దాచిపెట్టి మభ్యపెడితే రేపు మీ గల్లీలో ఎవరూ మీకు తలుపు తీయరు.

తేదీ ఉన్న కాగితాలు పోగు చేయండి

1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలో ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉంది. ప్లాన్ అమల్లోకి వచ్చిన రోజున ఒక స్థలాన్ని దేనికి వాడుతున్నారో, ఎంత మేరకు వాడుతున్నారో, ఆ మేరకు షరతులకు లోబడి కొనసాగించుకోవచ్చు. ఇందులో "ఆ మేరకు" అన్న మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒక గదిలో నడిచే వర్క్‌షాప్‌కు అది రక్షణ. దాన్ని మూడు అంతస్తులకు పెంచుకోవడానికి కాదు. కట్టడానికి అనుమతి లేకపోతే ఆ లోపాన్ని కూడా ఇది కప్పిపుచ్చదు.

అందుకే ఆ రోజుకు ముందే ఆ పని అక్కడ ఉందని చూపించే కాగితం కావాలి. ఆస్తి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు, రిజిస్టర్డ్ దస్తావేజు, కిరాయి ఒప్పందం, పాత కొనుగోలు బిల్లులు ఏవైనా పనికొస్తాయి. కరెంటు బిల్లు మీద ఉండే కేటగిరీ నంబరు అన్నిటికంటే సూటిగా మాట్లాడుతుంది. ఫొటోలు తీస్తే పక్కింటి బోర్డో, కరెంటు స్తంభం నంబరో పడేలా తీయండి. చోటు ఏదో తెలియని ఫొటో వల్ల లాభం లేదు.

దేన్ని అడగాలి, దేన్ని అడగొద్దు

ఇక్కడ నా మాట కొందరికి రుచించదు. నేల మీద ఉన్నదంతా ఉండాల్సిందేనని వాదించొద్దు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మంచాల మీద మంచాలు వేసుకుని కూర్చున్నవాళ్లకు నాలా ఎందుకు వెడల్పుగా ఉండాలో విడిగా చెప్పనక్కర్లేదు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. షికం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, నాలా మీద ఉన్న కట్టడాన్ని "ఎప్పటి నుంచో ఉంది" అని మీ జాబితాలో కలిపితే మిగతా న్యాయమైన వాటి మీద కూడా అనుమానం వస్తుంది.

ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల వాళ్లకు ఇంకో లెక్క ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారినా ఈ నిబంధన మారదు.

మిగిలినవాటిని కూడా విడదీసి చూడండి. ఇంట్లో మగ్గం ఎవరికీ అడ్డం కాదు. అదే ఇంటి వెనక రంగుల అద్దకం నడుస్తుంటే ఆ నీళ్లు ఎటు పోతున్నాయన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు మగ్గాన్ని నివాస జోన్‌లో అనుమతించమని, అద్దకానికి డ్రైనేజీ ఉన్న చోటు చూపమని అడగొచ్చు. ఇలా పనిని దాని ప్రభావాన్ని బట్టి చూసి అడిగితే అధికారులకు కూడా అవునని చెప్పడానికి దారి దొరుకుతుంది.

అర్జీ రాయడం

ప్లాన్ ముసాయిదా దశలో ఉందా, ఆమోదం అయిపోయిందా అన్నదాన్ని బట్టి అర్జీ మారుతుంది. ముసాయిదా అయితే అభ్యంతరాలు, సూచనల గడువు నోటీసులోనే ఉంటుంది. ఆ గడువు దాటనివ్వకండి. కామారెడ్డి రైతులను గుర్తుచేసుకోండి. సాగు భూములను ముసాయిదాలో పారిశ్రామిక జోన్‌గా చూపారని వాళ్లు రోడ్డెక్కారు, 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాలలోనూ ముసాయిదా వెనక్కి వెళ్లింది. పటం చేతికి రాగానే ఊరంతా కూర్చుని చదివి ఉంటే అంత గోస పడాల్సి వచ్చేది కాదేమోనని నాకనిపిస్తుంది.

అర్జీ రెండు పేజీలు మించొద్దు. మొదట గ్రామం, సర్వే నంబర్లు, పటం షీటు నంబరు రాయాలి. మేం మొదటిసారి ఇచ్చిన అర్జీలో సర్వే నంబర్లు లేక అది అలాగే తిరిగొచ్చింది, నెల రోజులు పోయాయి. తర్వాత పటంలో ఏముందో ఒక వాక్యం, నేల మీద ఏముందో ఒక వాక్యం, ఏం కావాలో ఒక వాక్యం. ఉదాహరణకు: "పై సర్వే నంబర్లలోని ఇళ్లను ప్రతిపాదిత పటంలో పారిశ్రామిక జోన్‌గా చూపారు. ఇక్కడ కుటుంబాలు నివాసం ఉంటూ ఇంట్లోనే చేనేత పని చేసుకుంటున్నాయి. దీన్ని చేనేతకు అనుమతి ఉన్న నివాస జోన్‌గా సవరించగలరు." సర్వే పట్టిక, కాగితాల నకళ్లు, రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టిన పటం జత చేయండి. అందరూ సంతకాలు చేయండి. ఇన్‌వర్డు నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు), స్టాంపు వేసిన నకలు చేతికి తీసుకోకుండా కౌంటరు దాటొద్దు.

ప్లాన్ ఆమోదం అయిపోతే

అప్పుడు దారి భూ వినియోగ మార్పిడి. దరఖాస్తు పట్టణాభివృద్ధి సంస్థ ద్వారా పురపాలక శాఖకు వెళుతుంది, అభ్యంతరాలు కోరుతూ నోటీసు వస్తుంది, ఫీజులు కట్టాక తుది జీవో వస్తుంది. ఖర్చూ, సమయమూ రెండూ ఎక్కువే. ఒక్క ప్లాటు కోసం కాకుండా సందు మొత్తానికి సవరణ ప్రతిపాదించమని సంస్థనే అడగడం మేలు. చట్టంలో ఆ వీలుంది.

నాలా కన్వర్షన్, ఇదీ ఒకటేనని పొరబడొద్దు. ఇక్కడ నాలా అంటే పైన చెప్పిన వరద కాలువ కాదు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చేది రెవెన్యూ వాళ్లు, 2006 చట్టం కింద. జోన్ మార్పు దానికి పూర్తిగా వేరు. నాలా కాగితం చేతిలో ఉందని గ్రీన్ జోన్‌లో ఇల్లు కట్టడానికి దిగి, పర్మిషన్ రాక అప్పుల పాలైనవాళ్లను చూశాను. స్థలం కొనేముందే ఈ రెండూ విడివిడిగా అడగండి.

ఇచ్చాక వదిలేయొద్దు

నెల దాటినా జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, ఫలానా ఇన్‌వర్డు నంబరు అర్జీ మీద ఏ నోట్ రాశారో నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలోనూ అదే నంబరుతో ఇవ్వొచ్చు. ఏ ఆఫీసుకు వెళ్లినా కొత్త కథ మొదలుపెట్టకుండా అదే నంబరు, అవే కాగితాలు చూపించండి.

సవరణ ఒప్పుకున్నారని ఫోన్ వస్తే సంతోషపడండి గానీ, జీవో నకలు తీసుకుని అందులోని సర్వే నంబర్లను మీ పట్టికతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా వస్తే పక్క సందుకు రంగు మారి మీ సందు పాత రంగులోనే ఉండిపోతుంది. తర్వాత పటం షీటులో కూడా రంగు మారిందో లేదో స్వయంగా వెళ్లి చూసి, కొత్త భూ వినియోగ ధ్రువపత్రం తీసుకుని, ఆ నకలు గల్లీలో ప్రతి ఇంటికీ ఒకటి ఇవ్వండి.