ముగ్గురు పిల్లల ఇంటి బడికి తెలుగు వ్యాకరణ పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

మాది పర్లాకిమిడి. ఊరు 1936లోనే ఒరిస్సాలో కలిసినా మా ఇంట్లో తెలుగే, గుమ్మం దాటితే ఒడియా. తొమ్మిది, ఏడు, ఐదేళ్ల పిల్లలకు చదువు ఇంట్లోనే చెబుతున్నాం. వ్యాకరణానికి మూడు తరగతుల పుస్తకాలు కొని, రోజుకు మూడు పాఠాలు చెప్పబోయి, నెల తిరక్కుండానే చేతులెత్తేశాను. మీకు ఆ టెన్షన్ వద్దు.

పుస్తకం కొనేముందు ఒక వారం పిల్లల మాటలు వినండి. దిద్దకండి, క్యాలెండర్ వెనక రాసుకోండి చాలు. మా చిన్నది ఓ సాయంత్రం వీధిలోంచి ‘‘అమ్మా, అన్నయ్య వచ్చింది’’ అని కేకేసింది. ఒడియాలో అబ్బాయొచ్చినా అమ్మాయొచ్చినా ‘ఆసిలా’నే మరి! ఇంకో తమాషా, ఒడియాలో ‘ఆమె’ అంటే మేము. ఆడుకుని వచ్చిన రెండోవాడు ‘ఆమె’ అన్నప్పుడల్లా ఎవరామె అని అడిగేదాన్ని. అంటే మా పిల్లలకు ముందు కావాల్సింది లింగం, వచనం, సర్వనామాలు. సంధులు తర్వాత చూసుకోవచ్చు. మహారాష్ట్రలో సిరొంచ, దెగ్లూరు వైపు తెలుగు వాళ్ల జాబితా వేరుగా ఉంటుంది. మరాఠీలో కుర్చీ స్త్రీలింగం, దర్వాజా పుంలింగం కదా. మీ జాబితాలోవి పుస్తకం విషయసూచికలో ముందు పేజీల్లో ఉన్నాయో లేదో చూడండి.

పాఠం నిర్వచనంతో మొదలైతే ఆ పుస్తకం పక్కన పెట్టేయండి. ‘పేరును తెలిపేది నామవాచకం’ అని ఐదేళ్ల పిల్ల బట్టీ పట్టి ఏం చేసుకుంటుంది? పేరు చూసి కూడా మోసపోకండి. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ 1858 నాటిది, పేరులో బాల ఉన్నా చదివేది పండితులే.

ఇంటి మాటను తప్పనే పుస్తకమూ వద్దు. మేం ‘వచ్చీసాడు’ అంటాం, పుస్తకంలో ‘వచ్చేశాడు’ అని ఉంటుంది. రెండూ పక్కపక్కన రాయించి, ఇది ఇంట్లో, ఇది రాతలో అని చెబితే సరిపోతుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో ఇంకోలా ఎలా చెప్తాం?

అసలు సంగతి, ముగ్గురికీ ఒకటే పుస్తకం తీసుకోండి. పెద్దవాడి తరగతికి ఒక మెట్టు కిందిదైతే మంచిది. అందులో ఒక వాక్యం తీసి పరీక్షించండి. ‘పిల్లి పాలు తాగింది’ అనుకుందాం. చిన్నది పిల్లి తీసేసి తాతను పెట్టి ‘తాత పాలు తాగాడు’ అని పైకి చెబుతుంది. రెండోవాడు ‘పిల్లులు పాలు తాగాయి’ అని రాస్తాడు. తాతలు ‘తాగారు’, పిల్లులు ‘తాగాయి’ ఎందుకయ్యాయో పెద్దవాడు చెప్పాలి. మా వాడు రెండు రోజులు తల గోక్కున్నాడు. పావుగంటలో ముగ్గురి పనీ అయిపోతుంది. వాక్యాలు ఇలా మార్చుకోవడానికి వీల్లేకుండా అన్నీ ఖాళీలు పూరించడాలే ఉంటే కొనకండి.

డబ్బు పెట్టేముందు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల తెలుగు వాచకాలు చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక్క పాఠం ప్రింట్ తీయించి రెండు వారాలు నడపండి. ఆ తర్వాత క్యాలెండర్ వెనక జాబితా తీయండి. ఒకటో రెండో కొట్టేయగలిగితే మిగతా పాఠాలూ ప్రింటుకివ్వండి.