రన్‌వే గతుకులు, గేరు మీద భారాలు: లెక్క ఒకటి, కొలత ఒకటి అయినప్పుడు

విమానం ఎగుడుదిగుడు నేల మీద నడిచేటప్పుడు గేరు (చక్రాలు, వాటిని మోసే కాళ్లు) మీద, రెక్కల మీద ఎంత భారం పడుతుందో లెక్కవేశారు. తర్వాత పరీక్షలో కొలిచారు. రెండూ కలవలేదు. అప్పుడు చాలామంది డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం) విలువను అటూ ఇటూ జరిపి గీతలు కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ ఒక్క వేగానికి గీతలు కలుస్తాయి, వేగం మారగానే మళ్లీ విడిపోతాయి.

ముందు కొలత రికార్డు తీసి, త్వరణం గీతలో సెకనుకు ఎన్ని ఊపులున్నాయో లెక్కపెట్టండి. విమానం వేగాన్ని ఆ సంఖ్యతో భాగించండి. సెకనుకు 30 మీటర్ల వేగంలో 1.2 ఊపులు కనిపిస్తే, 25 మీటర్ల పొడవున్న అల (నేలలో ఒక ఎగుడు, ఒక దిగుడు కలిసిన వంపు) కోసం వెతకాలన్నమాట. వేగం మారినప్పుడు ఊపుల సంఖ్య కూడా అదే నిష్పత్తిలో మారితే వెతకాల్సింది నేలలో. మారకపోతే అది విమానం సొంత ఊపు. ఎవరిని అనుమానించాలో సగం ఇక్కడే తేలిపోతుంది.

లక్షణం: కొలతలో ఉన్న ఊపు లెక్కలో అసలు లేదు

కారణం సాధారణంగా మీరు వాడిన రన్‌వే ప్రొఫైల్, అంటే పొడవునా నేల ఎత్తుపల్లాల గీత. కొత్త రన్‌వే నునుపును 3 మీటర్ల బద్ద పెట్టి చూస్తారు, కింద 3 మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు. ఇప్పుడు 25 మీటర్ల పొడవు, శిఖరం నుంచి లోయకు 4 సెంటీమీటర్ల తేడా ఉన్న అలను ఊహించండి. లోయలో బద్ద పెడితే మధ్యలో కనిపించే సందు సుమారు 1.4 మిల్లీమీటర్లు. తనిఖీలో దర్జాగా పాసవుతుంది. అదే అల వరుసగా మూడు నాలుగు వస్తే విమానం ఉయ్యాలే.

రోడ్ల వాళ్ల గరుకుదనం సూచిక ఐఆర్ఐ కూడా ఇక్కడ ఆదుకోదు. అది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు చక్రం కోసం పుట్టింది, సుమారు 30 మీటర్లు దాటిన అలలను దాదాపు పట్టించుకోదు. సెకనుకు 70 మీటర్ల వేగంతో పరిగెత్తే విమానాన్ని 70 మీటర్ల అల సెకనుకు ఒకసారి ఊపుతుంది. బాపట్ల జిల్లాలో 16వ నంబరు జాతీయ రహదారి మీద కట్టిన అత్యవసర రన్‌వే లాంటి చోట్ల ఈ తేడా మరీ ముఖ్యం, అక్కడ ఒకే కాంక్రీటు మీద కారూ, విమానమూ రెండూ నడవాలి.

పరిష్కారం: అర మీటరుకో బిందువు చొప్పున లెవలింగ్ చేయించండి. ముక్కు చక్రం దారి, రెండు ప్రధాన గేర్ల దారులు విడివిడిగా కావాలి, ఒక్క మధ్యగీతతో సరిపెడితే పక్కకు ఒరగడం లెక్కలోకి రాదు. బండికి బిగించిన ప్రొఫైలర్‌తో కొలిస్తే, అది ఎంత పొడవు దాటిన అలలను వడకట్టేస్తుందో ముందే అడగండి.

లక్షణం: లెక్కలో ఊపు నెమ్మది, కొలతలో చురుకు

నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు ఇది, ఎందుకంటే మోడల్ తప్పు లేనట్టే కనిపిస్తుంది. లెక్క 1.1 ఊపులు అంటుంది, రికార్డు 1.9 అంటుంది.

కారణం ఒలియో స్ట్రట్ (నూనె, వాయువు నింపిన గేరు కాలు, దెబ్బను మింగేది) లోపలి ఘర్షణ. పిస్టన్ బేరింగులు, సీళ్లు కలిసి దాన్ని కొంత పట్టి ఉంచుతాయి. స్ట్రట్ మీద 200 కిలోన్యూటన్ల బరువు, అందులో పదో వంతు ఘర్షణ అనుకుందాం. భారం 20 కిలోన్యూటన్లు మారేదాకా స్ట్రట్ కదలదు. అంతవరకు విమానం టైర్ల మీదే ఊగుతుంది, టైర్లలో డ్యాంపింగ్ చాలా తక్కువ. టైరు అణగడం 7 సెంటీమీటర్లయితే ఊపు సెకనుకు సుమారు 1.9. స్ట్రట్ స్వేచ్ఛగా కదిలి మరో 15 సెంటీమీటర్ల మెత్తదనం ఇస్తే అది 1.1కు దిగుతుంది. మీ మోడల్‌లో స్ట్రట్ ఘర్షణ లేకుండా జారుతోంది, అసలు విమానంలో బిగుసుకుని ఉంది. తేడా అంతా అదే.

పరిష్కారం: స్ట్రట్‌ను పరీక్ష యంత్రంలో నెమ్మదిగా నొక్కి, నెమ్మదిగా వదలండి. వెళ్లే గీత, వచ్చే గీత వేరుగా పడతాయి. వాటి మధ్య ఎడంలో సగమే ఘర్షణ. దాన్ని మోడల్‌లో పెట్టండి, నిలిచి ఉన్నప్పుడు ఎక్కువగా, జారుతున్నప్పుడు తక్కువగా. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా బేరింగులపై ఒత్తిడి పెరిగి ఘర్షణ కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి. అలాగే వాయువు గీతను, అంటే స్ట్రట్ అణిగేకొద్దీ వాయువు పీడనం ఎలా పెరుగుతుందో చూపే గీతను కూడా చూడండి. విమానం నిలిచి ఉన్నప్పటి ఎత్తును ఉష్ణోగ్రత మారని గీత నుంచి తీసుకోవాలి. ఊపులకు మాత్రం పీడనాన్ని ఘనపరిమాణంతో కలిపే సూత్రంలోని ఘాతాంకం నూనె, వాయువు కలిసిపోయే స్ట్రట్‌లో 1.1, విడిగా ఉండేదానిలో 1.35 దాకా ఉంటుంది. అంతటా ఒకే గీత వాడితే స్ట్రట్ తప్పు ఎత్తులో కూర్చుంటుంది. దిగినకొద్దీ వాయువు గట్టిపడుతుంది కాబట్టి చిన్న తేడా కూడా లెక్కను చెడగొడుతుంది. పరీక్ష రోజున స్ట్రట్‌లో నైట్రోజన్ పీడనం ఎంతో రాసిపెట్టారా? చాలాసార్లు ఆ కాగితమే దొరకదు.

లక్షణం: రన్‌వే అతుకు దగ్గర లెక్కలో ముల్లులాంటి శిఖరం

టైరు నేలను ఒక్క బిందువు దగ్గరే తాకుతున్నట్టు మోడల్ చేశారు. నిజానికి టైరు చిన్న మెట్టును తనలోకి మింగేసుకుంటుంది. ప్రొఫైల్‌ను టైరు నేలను తాకే పొడవు మేర సగటు చేయండి. ఒక్కసారే చేయండి, సాఫ్ట్‌వేర్ ఆ పని ఇప్పటికే చేస్తుంటే మళ్లీ వద్దు.

లక్షణం: మొదటి మెట్టు సరే, రెండో మెట్టు దగ్గర భారం తప్పు

తాత్కాలిక రన్‌వేలకు పరిచే ఏఎం-2 అల్యూమినియం పలకల అతుకుల మీద ఇది బాగా కనిపిస్తుంది. 1982 యుద్ధం తర్వాత ఫాక్లాండ్స్‌లో పోర్ట్ స్టాన్లీ రన్‌వేను పొడిగించింది ఈ పలకలతోనే. పలక మందం 38 మిల్లీమీటర్లు. మొదటి ఎగుడు లేపిన ఊపు తగ్గకముందే రెండోది తగిలితే భారం పెరుగుతుంది. సెకనుకు 20 మీటర్ల వేగం, 1.1 ఊపులు ఉంటే ప్రమాదకరమైన దూరం సుమారు 18 మీటర్లు. ఒక్క వేగంతో లెక్క నడిపితే ఇది తప్పించుకుంటుంది. నెమ్మది టాక్సీ నుంచి టేకాఫ్ వేగం దాకా చిన్న చిన్న అంచెలుగా నడపండి, ప్రొఫైల్‌ను తిరగేసి రెండో దిశలోనూ నడపండి.

లక్షణం: గురుత్వ కేంద్రం దగ్గర బాగుంది, కాక్‌పిట్‌లో, రెక్క చివర లేదు

విమానాన్ని వంగని కడ్డీగా తీసుకున్నారు. పొడవాటి ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) వంగి ఊగే మొదటి రీతి, రెక్క వంగే రీతి, ఇంజిన్ వేలాడే రీతి కలపండి. రెక్కల్లో నిండు ఇంధనంతో ఒకసారి, ఖాళీగా ఒకసారి నడపండి. నిండు రెక్క నేల మీద కిందికి వంగుతూ పోయే భారం లోహపు అలసట (పదేపదే వంగి పగుళ్లు రావడం) లెక్కలకు కీలకం. వేగం పెరిగినకొద్దీ రెక్కల లిఫ్ట్ గేరు మీది బరువును తగ్గిస్తుంది, దాన్నీ మరవకండి.

ఇవన్నీ సరిచేశాక మోడల్‌ను పరీక్షించడానికి అందరూ వాడే నేల ఒకటుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ సలహా పత్రం 25.491-1లో శాన్‌ఫ్రాన్సిస్కో 28ఆర్ రన్‌వే పాత ప్రొఫైల్, అంటే మరమ్మతుకు ముందున్నది, అంకెలతో సహా ఉంది. ముందు దాని మీద నడిపి చూడండి.