కిరణ్ జెట్ మోడల్: డెకాల్ కింద తెల్లమచ్చ పోయిందిలా (నా అనుభవం)

పర్లాకిమిడిలో ముసురు. 1/72 స్కేలు (అసలులో 72వ వంతు) కిరణ్ (1964లో తొలిసారి ఎగిరిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శిక్షణ జెట్) మోడల్ రెక్క మీద రౌండెల్ (వాయుసేన గుండ్రటి గుర్తు) డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే పలుచని బొమ్మ) కింద వెండిపొరలా తెల్లమచ్చ. అడుగున గాలి చిక్కుకుంటే వచ్చేదే. వేడినీళ్ల గుడ్డ, హెయిర్ డ్రయ్యర్, పైన ఇంకో కోటు వార్నిష్, ఏదీ పనిచేయలేదు.

చివరికి సన్నని కొత్త సూదితో మచ్చ ఉన్నంతమేరా గుచ్చాను. నిలువుగానే గుచ్చాలి, గీకకూడదు. బ్రష్‌తో డెకాల్ సాఫ్టెనర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) ఒక్క చుక్క వదిలితే ఆ రంధ్రాల్లోంచి లోపలికి పీల్చుకుంది. కాసేపటికి డెకాల్ ముడతలు పడుతుంది, చూస్తే భయమేస్తుంది, అప్పుడు చెయ్యి మాత్రం పెట్టకండి! రాత్రంతా ఆరాక దానంతటదే చదునైంది, ప్యానెల్ గీతల్లోకి (రేకుల అతుకుల్లా మోడల్ మీద ఉండే సన్నని గాళ్లలోకి) కూడా దిగింది. ఆకుపచ్చ నడిబొట్టు దగ్గర మిగిలిన కాస్త మచ్చకీ మళ్లీ ఇదే చేశాను.

నాది మెరుపు వార్నిష్ మీద అతికించిన డెకాల్. మ్యాట్ (మెరుపులేని) రంగు మీద నేరుగా వేసినవాటికి ఇంత బాగా దిగుతుందని చెప్పలేను. పాత డెకాల్ అయితే ముందు అక్కర్లేని నంబరు డెకాల్ మీద సాఫ్టెనర్ చుక్క వేసి చూడండి, కొన్ని కరిగిపోతాయి.