గుర్రం కొంటున్నారా? వయసెంతో, ఆడదో మగదో ముందు తేల్చుకోండి

గుర్రాన్ని చూడగానే కన్ను రంగు మీదికి, జూలు మీదికి పోతుంది. ఈ సంగతి అమ్మేవారికి మనకంటే బాగా తెలుసు. కానీ కొన్న మర్నాటి నుంచి మీ కష్టసుఖాలను తేల్చేవి దాని వయసు, అది ఆడదా, మగదా, విత్తులు (వృషణాలు) తీయించినదా అన్న సంగతి. బయానా చేతిలో పెట్టకముందే ఇవి తెలుసుకోవాలి, అమ్మేవారి మాట మీద మాత్రం కాదు.

మొదటిసారి కొనేవారు అయిదేళ్లలోపు గుర్రం జోలికి పోకపోవడమే మంచిది. చవకగా వస్తుంది, మీ చేతుల్లోనే పెరుగుతుందని ఊరిస్తారు. స్వారీలో రౌతు, గుర్రం ఇద్దరిలో ఒక్కరికైనా పని తెలిసి ఉండాలి. ఇద్దరూ కొత్తవారైతే దెబ్బలు తప్పవు. పైగా లేత గుర్రం ఎముకలు నిండుగా కనిపించినంత గట్టివి కావు. ముందుకాలి మోకీలు పైనున్న ఎముక ఎదుగుదల రెండు, రెండున్నరేళ్లకు ఆగుతుంది. వెన్నుపూసలు కుదురుకోవడానికి అయిదారేళ్లు పడుతుంది. జీను వేసేది ఆ వెన్ను మీదే. పందేల గుర్రాల్లో చాలావాటిని రెండేళ్లకే పరుగెత్తిస్తారు కాబట్టి, వాటిని కొనేటప్పుడు కాళ్లకు ఎక్స్-రే తీయించకుండా బేరం ముగించవద్దు.

ఎనిమిది నుంచి పదిహేనేళ్ల మధ్య గుర్రం కొత్తవారికి చక్కగా సరిపోతుంది. పదిహేను దాటినంత మాత్రాన పనికిరాదనుకోవద్దు. బాగా చూసుకుంటే పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు బతికే జంతువు అది. నిదానస్తురాలైన పెద్ద గుర్రం పిల్లలకు స్వారీ నేర్పినంత ఓపికగా మనుషులు కూడా నేర్పలేరు. కాకపోతే కీళ్లనొప్పులు, అరిగిన పళ్లు ఉంటాయి. వేసవి వచ్చినా రాలని పొడవాటి బొచ్చు కనిపిస్తే హార్మోన్ల జబ్బు ఉందేమో పరీక్ష చేయించాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అనలేదు. స్వారీ మానేసిన తర్వాత కూడా మేపగలరో లేదో ఇప్పుడే లెక్క వేసుకోండి.

ఇక వయసు ఎంతో పళ్లు చెబుతాయి. శాశ్వత ముందుపళ్లలో నడిమి జత రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు వస్తాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది. కింది పళ్ల పైభాగంలోని నల్లటి గుంటలు నడిమి జతలో ఆరేళ్లకు, పక్క జతలో ఏడేళ్లకు, చివరి జతలో ఎనిమిదేళ్లకు దాదాపుగా అరిగిపోతాయి. పై వరుసలో చివరి ముందుపంటి మీద గోధుమరంగు గాడి సుమారు పదేళ్లకు చిగురు దగ్గర మొదలై, ఇరవై ఏళ్లకు పంటి కొన దాకా దిగుతుంది. పదేళ్లు దాటాక ఈ లెక్క రెండు మూడేళ్లు అటూ ఇటూ కావచ్చు.

ఇక్కడే పాత మోసం ఒకటుంది. ముసలి గుర్రం పళ్లను తొలిచి, కాల్చి దొంగ గుంటలు పెడతారు. అసలు గుంట చుట్టూ తెల్లటి పింగాణీ అంచు తేలి కనిపిస్తుంది, దొంగ గుంటకు అది ఉండదు. టార్చి వేసి చూస్తే తేడా తెలిసిపోతుంది. పత్రాల మీద వయసును కూడా గుడ్డిగా నమ్మవద్దు. పందేల జాతి గుర్రాలకు ఉత్తరార్ధగోళంలో జనవరి 1న, దక్షిణార్ధగోళంలో చాలాచోట్ల ఆగస్టు 1న అన్నింటికీ ఒకేసారి ఏడాది పెంచుతారు. నెలల తేడా అందులో కలిసిపోతుంది.

విత్తులు తీయించిన మగ గుర్రం రోజూ ఒకేలా ఉంటుంది. నన్నడిగితే కొత్తవారికి అదే. ఆడ గుర్రం తెలివైనది, పని కూడా బాగా చేస్తుంది. అయితే పగటివేళ పెరిగే నెలల్లో ఇంచుమించు 21 రోజులకోసారి ఎదకు వచ్చి, అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అప్పుడు కొన్ని మాటిమాటికీ మూత్రం పోస్తాయి, తోక ఎత్తుతాయి, జీను బిగిస్తే చిరాకు పడతాయి. కొన్నింటిలో ఏ మార్పూ కనిపించదు. వీలైతే ఎదలో ఉన్నప్పుడు ఒకసారి ఎక్కి చూడండి. మగ గుర్రాలతో కలిపి మేపిన ఆడ గుర్రమైతే చూడిదేమో స్కానింగ్ చేయించండి. పదకొండు నెలలు మోస్తుంది, మొదట్లో బయటికి తెలియదు.

విత్తులున్న మగ గుర్రాన్ని అనుభవం లేనివారు కొనవద్దు. ఎత్తైన కంచె, విడి లాయం, గట్టి చేయి అన్నీ కావాలి. తీయించామని చెప్పినా అది ఆడ గుర్రాల వెంట పడుతుంటే ఒక విత్తు కడుపులోనే ఉండిపోయి ఉండవచ్చు. రక్తంలో హార్మోన్లు పరీక్షిస్తే బయటపడుతుంది.

పశువైద్యుణ్ణి మీరే తెచ్చుకోండి, అమ్మేవారి మనిషి వద్దు. పరీక్ష రోజునే రక్తం తీయించి భద్రపరచమనండి. మత్తుమందో నొప్పిమందో ఇచ్చి నెమ్మదిగా చూపించి ఉంటే తర్వాత దొరుకుతుంది. చెప్పకుండా వెళ్లి, లాయంలోంచి పట్టుకుని జీను వేసేదాకా మీ ఎదుటే చేయించండి. వయసు, విత్తుల సంగతి, చూడి కాదన్న మాట రసీదులోనే రాయించుకోండి. ఈమధ్యే విత్తులు తీయించిన గుర్రమైతే కొన్ని వారాలపాటు ఆడ గుర్రాలకు దూరంగా కట్టండి, ఆ రోజుల్లో దానివల్ల ఇంకా చూలు నిలిచే వీలుంటుంది.