మొజాయిక్ గచ్చుకు పట్టిన జిగురు ఇలా వదిలింది

అమ్మవాళ్ల వంటింట్లో పాత వినైల్ షీట్ పీకేస్తే, కింద మొజాయిక్ గచ్చంతా జిగురే. అడుగేస్తే చెప్పు అంటుకుపోయేది. సర్ఫు నీళ్లతో రుద్దినా కదల్లేదు. మేస్త్రీ గారు యాసిడ్ పోద్దామన్నారు, నేను ఒప్పుకోలేదు. మొజాయిక్‌లో ఉండేవి పాలరాతి ముక్కలు, యాసిడ్ వాటిని తినేస్తుంది.

చివరికి పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ పని చేసింది. ముందు ఓ మూల రాసి చూశాను, రంగు మారలేదు. తర్వాత పొయ్యి, సిలిండర్ కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్ తీసి, కిటికీలు తెరిచి, చేతులకు గ్లవుజులు వేసుకుని, తడిపిన గుడ్డను మూరెడు మేర పరిచి పావుగంట ఉంచాను. జిగురు నానిన బెల్లంలా మెత్తబడింది. ప్లాస్టిక్ గరిటెతో ఏటవాలుగా తోస్తే చుట్టలు చుట్టుకుంటూ లేచింది. ఇనుప బ్లేడు మాత్రం వద్దు, గీతలు పడతాయి.

వాడిన గుడ్డలు పెరట్లో విడివిడిగా ఆరేసి, గచ్చును గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగాను. ఎర్ర, తెల్ల రాళ్లు మళ్లీ బయటపడ్డాయి. అమ్మ ఆ సాయంత్రమే ముగ్గు పెట్టింది.