స్పోర్ట్స్ కారు ఎగ్జాస్ట్ తుప్పు తినేస్తే: ఏ బోల్టును కాపాడాలి, దేన్ని కోసేయాలి

ఎగ్జాస్ట్ మార్చే పనిలో కొత్తది బిగించడం తేలిక, పాతది ఊడదీయడమే కష్టం. ఆ కష్టంలోనూ ముప్పాతిక వంతు మూడు నాలుగు నట్ల దగ్గరే ఉంటుంది. అందుకని స్పానర్ పట్టుకోకముందే ఏ బోల్టు విరిగినా ఫర్వాలేదో, ఏది విరగకూడదో తేల్చుకోవాలి. కేటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బాకు, మెకానిక్‌ల మాటలో క్యాట్‌కు) వెనక ఉన్న బోల్టులు, క్లాంపులు దాదాపు అన్నీ మొదటి రకం. వాటి స్థానంలో ఎలాగూ కొత్తవే వేస్తాం కాబట్టి మొండికేస్తే కోసి పారేయొచ్చు. మేనిఫోల్డ్‌లోంచి (ఇంజిన్ పొగను ఒకచోటికి చేర్చే మొదటి గొట్టాల్లోంచి) పొడుచుకొచ్చిన స్టడ్‌లు (తల లేని బోల్టులు), పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ కూర్చునే మర రెండో రకం. ఓపికంతా వీటి కోసం దాచుకోండి.

ఎంతవరకు పోయిందో చూసుకోవడం

పెట్రోలు మండితే నీరు పుడుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై పైపులోంచి పోతుంది. ఇంజిన్ పక్క పైపుల వేడికి ఆ నీరు నిలవదు. చివరి సైలెన్సర్ మాత్రం ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆవిరి అక్కడ చల్లబడి మడుగు కడుతుంది. నాలుగు కిలోమీటర్లు తిరిగి వారాలపాటు కవరు కింద పడుండే కారుకు ఆ మడుగు ఎండే అవకాశమే రాదు. స్పోర్ట్స్ కార్లు చాలావరకు బతికేది ఇలాగే. అందుకే తక్కువ తిరిగిన కారు కదా అని సైలెన్సర్‌ను నమ్మకూడదు. అది లోపలినుంచి తింటూ వచ్చి, పైకి కనిపించేసరికి రేకు కాగితంలా అయిపోయి ఉంటుంది.

స్క్రూడ్రైవర్ పిడితో పొడవునా తట్టి చూడండి. బాగున్న రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. వెల్డింగ్ పక్కన, క్లాంపు కింద, సైలెన్సర్ అంచు మడత దగ్గర, పైపును కారు అడుగున వేలాడదీసే హ్యాంగర్ కడ్డీ అతికిన చోట ప్రత్యేకంగా చూడాలి. కొన్ని సైలెన్సర్ల అడుగున 2-3 మి.మీ. గుండ్రటి బెజ్జం ఉంటుంది. అది నీళ్లు కారడానికి కంపెనీ పెట్టినదే, పూడ్చకండి.

చివరి సైలెన్సర్ ఒక్కటే పోయి మధ్య పైపు గట్టిగా ఉంటే ఆ ముక్క మార్చితే చాలు. మధ్య పైపు చివర కూడా పొరలు పొరలుగా లేస్తుంటే క్యాట్ వెనక నుంచి మొత్తం మార్చడమే మేలు. సన్నబడ్డ పైపు మీద కొత్త క్లాంపు బిగిస్తే అది నలిగిపోతుంది, లీకు ఆగదు.

ఏం తెచ్చుకోవాలి

కొత్త ఎగ్జాస్ట్ ఏ లోహంతో చేసిందో అడిగి కొనండి. అల్యూమినియం పూత ఉక్కు చవక, కానీ వెల్డింగ్ దగ్గర పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. 409 రకం స్టెయిన్‌లెస్‌కు పైపైన గోధుమరంగు వస్తుంది గానీ చిల్లు త్వరగా పడదు. 304 రకం అన్నిటికంటే ఎక్కువకాలం ఉంటుంది, కాకపోతే వేడికి మామూలు ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది. రెండు మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే సుమారు 10 మి.మీ. పొడుగవుతుంది. బిగించేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

విప్పే ప్రతి జాయింటుకు కొత్త గ్యాస్కెట్ (మధ్యలో పెట్టి లీకు ఆపే పలక), కొత్త నట్లు, బోల్టులు కావాలి. స్ప్రింగ్ బోల్టులు ఉన్న చోట స్ప్రింగులు కూడా కొత్తవే వేయండి. హ్యాంగర్ రబ్బర్లు పైకి బాగున్నట్టు కనిపించినా అన్నీ మార్చండి. సాగిన రబ్బరు ఒక్కటున్నా పైపు ఓ పక్కకు వాలి బాడీకి కొట్టుకుంటుంది. పనిముట్లలో ఆరు మూలల సాకెట్లు తప్పనిసరి, ఎందుకంటే పన్నెండు మూలల సాకెట్ తుప్పు నట్టు తలను గుండ్రంగా అరగదీస్తుంది. పొడుగు పిడి బార్, తుప్పు వదిలించే నూనె, వైర్ బ్రష్, నట్ స్ప్లిట్టర్, సెన్సర్ కోసం పక్కన చీలిక ఉన్న 22 మి.మీ. సాకెట్, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే స్పానర్), కళ్లద్దాలు కూడా దగ్గర పెట్టుకోండి. కింద పడుకుని పైకి చూస్తూ చేసే పని కాబట్టి రాలే తుప్పంతా కళ్లలోకే వస్తుంది.

లేపడం

ఈ కార్లు నేలకు ఎంత దగ్గరగా ఉంటాయంటే జాకీ కిందికి దూరదు. ముందు టైర్లను మందపాటి చెక్కల మీదికి ఎక్కించుకుంటే ఆ చోటు దొరుకుతుంది. మాన్యువల్‌లో చూపిన జాకీ పాయింట్ల కిందే పెట్టండి. ఫైబర్ లేదా అల్యూమినియం బాడీ ఉన్న కార్లలో నాలుగంగుళాలు పక్కకు పెడితే చాలు, అంచు నలిగిపోతుంది. నాలుగు మూలలా స్టాండ్లు వేసి కారును సమానంగా నిలపాలి. ఒక పక్కే లేపితే పొడుగు పైపు సస్పెన్షన్ మీదుగా బయటికి రాదు. స్టాండ్ల మీద నిలిచాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే కిందికి దూరొద్దు.

మాజ్డా మియాటా లాంటి ముందు ఇంజిన్, వెనక చక్రాల కార్లలో పైపు గేర్‌బాక్స్ పక్కనుంచి సొరంగం గుండా వస్తుంది. ఓపెన్ టాప్ కార్లయితే అడుగున అడ్డబద్దీలు కూడా తగలొచ్చు, వాటిని ముందే విప్పాలి. పోర్షే 911 లాంటి వెనక ఇంజిన్ కార్లలో పైపు పొట్టిది, కానీ బోల్టులన్నీ విపరీతమైన వేడిలో ఉండే చోట ఇరుకుగా ఉంటాయి. చాలాసార్లు వెనక బంపర్ తీస్తేనే చెయ్యి పడుతుంది.

విప్పడం

ముందురోజు రాత్రే మరల్ని వైర్ బ్రష్‌తో గీకి తుప్పు నూనె కొట్టి వదిలేయండి. పొద్దున మళ్లీ ఓసారి కొట్టండి. గీకకుండా కొడితే నూనె తుప్పు పెళ్లల మీదే ఆగిపోతుంది.

స్టడ్ నట్టును ఏకబిగిన విప్పే దిక్కుకు లాగకండి. ముందు బిగించే దిక్కుకు కొద్దిగా తిప్పితే తుప్పు అతుకు చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు విప్పి, నూనె కొట్టి, ఎనిమిదో వంతు వెనక్కి బిగించి, మళ్లీ విప్పుతూ రండి. కిర్రుమని శబ్దం చేస్తూ తిరుగుతుంటే అది వస్తున్నట్టే. శబ్దం లేకుండా మెత్తగా, సాగుతున్నట్టు తిరిగితే మాత్రం వెంటనే ఆపండి. నట్టు కదలడం లేదని, స్టడ్ మెలిపడుతోందని దానర్థం.

అప్పటికీ రాకపోతే వేడి చేయడమే దారి. మంట స్టడ్‌కు తగలకుండా నట్టుకే తగలాలి. నట్టు వ్యాకోచించి స్టడ్‌ను వదులుతుంది. కొట్టిన నూనెను ముందే తుడిచేయండి, పెట్రోలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు, వైర్లు దగ్గరున్న చోట మంట వద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడిన చోట వేడి చేస్తే విషవాయువు పుడుతుంది, ఆ జోలికే పోవద్దు. మంట పెట్టలేని చోట నట్ స్ప్లిట్టర్‌తో నట్టును చీల్చండి. నట్టు పోయినా స్టడ్ మిగలడమే మనకు కావాలి.

స్టడ్ విరిగినా మొండెం కాస్త బయట మిగిలి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డ్ చేయించండి. ఆ వేడికే చాలావరకు ఊడొస్తుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగ విప్పాలి. లోపలికంటా విరిగితే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమ తిరుగుడు డ్రిల్ బిట్‌తో చిన్న బెజ్జం నుంచి పెద్దదానికి పోవాలి. ఈజీ అవుట్‌ను (విరిగిన బోల్టు బెజ్జంలో దిగి దాన్ని వెనక్కి తిప్పే పనిముట్టును) ఇక్కడ వాడకపోవడమే మంచిది. అది విరిగి లోపల ఉండిపోతే, ఆ గట్టి ఉక్కును మామూలు డ్రిల్ తొలవలేదు.

క్యాట్ వెనక మాత్రం ఇంత మర్యాద అక్కర్లేదు. బోల్టు ఒకటి రెండు ప్రయత్నాలకు రాకపోతే కోసేయండి. పెట్రోలు ట్యాంకు పక్కన గ్రైండర్ నిప్పురవ్వలు ప్రమాదం, అక్కడ లోహం కోసే బ్లేడుతో రెసిప్రొకేటింగ్ రంపం వాడండి. ఒకే ముక్కగా వచ్చిన పాత పైపు సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే అడుగు చట్రం) మీదుగా పోతుంటే దాన్ని వంకర్లు తిప్పుతూ కుస్తీ పట్టొద్దు, రెండు ముక్కలు చేస్తే దానంతటదే వస్తుంది. కోసే ముందు కొత్త పైపును పక్కన పెట్టి జాయింట్లు ఎక్కడ పడతాయో కొలుచుకోండి.

సెన్సర్ ఉన్న ముక్క తీస్తుంటే ముందు దాని ప్లగ్ విప్పాలి. సెన్సర్ తీగకు వేలాడితే పాడవుతుంది. హ్యాంగర్ రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి లాగండి. ఆఖరి రబ్బరు తీసేముందు సైలెన్సర్ కింద జాకీ ఆనించండి, బరువు మీద పడకుండా. క్యాట్‌ను కింద పడెయ్యొద్దు, లోపలిది పింగాణీ తేనెపట్టు.

బిగించడం

స్టడ్‌లకు డై (మరలు కోసే పనిముట్టు) తిప్పి మరలు శుభ్రం చేసి, ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులు పట్టే పళ్లెం) ముఖం మీద పాత గ్యాస్కెట్ పొర లేకుండా గీకండి. మరలకు నికెల్ యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాయండి. స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేస్తుంటే ఇది మరీ అవసరం, లేకపోతే బిగిస్తుండగానే రెండూ పట్టేస్తాయి. సెన్సర్‌కైతే మరకు మాత్రమే రాయాలి, కొనకు అంటకూడదు. సెన్సర్ ఎక్కించే ముందు దాని తీగను వ్యతిరేక దిశలో నాలుగైదు చుట్లు తిప్పి ఉంచితే, బిగిసేసరికి తీగ మెలి లేకుండా తిన్నగా నిలుస్తుంది.

ముందునుంచి వెనక్కి ఒక్కో ముక్కా ఎక్కిస్తూ నట్లన్నీ వేలితోనే తిప్పి వదిలేయండి. మొదటి జాయింటును పూర్తిగా బిగించేస్తే చివర్లో టెయిల్‌పైపు బంపర్ గాడికి రెండంగుళాలు పక్కకు పోతుంది. మొత్తం వేలాడదీశాక చుట్టూ చూడండి. డ్రైవ్‌షాఫ్ట్, ట్యాంకు, బ్రేకు గొట్టాలు, బాడీ, వీటన్నిటికీ కనీసం 20-25 మి.మీ. ఎడం ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు వెనక రబ్బర్లు కొంచెం ముందుకు వాలి ఉండాలి. వేడికి పైపు వెనక్కి సాగినప్పుడు అవి నిటారుగా వస్తాయి. పైపులో పైపు దూరే చోట 40-50 మి.మీ. లోపలికి పోవాలి. ఎగ్జాస్ట్ పేస్టు క్యాట్ వెనక ఇలాంటి జాయింట్లకు మాత్రమే. ముందు వైపు రాస్తే ఊడిన ముక్కలు క్యాట్‌లోకి పోతాయి.

ఇప్పుడు ముందునుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. సాధారణంగా 8 మి.మీ. బోల్టుకు 20-25, 10 మి.మీ. బోల్టుకు 40-50, సెన్సర్‌కు 40-50 న్యూటన్ మీటర్లు ఉంటుంది. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఫ్లాంజ్ నట్లను ఒకదాని తర్వాత ఎదురుగా ఉన్నది కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక పక్క పూర్తిగా బిగిస్తే ఫ్లాంజ్ వాలి రెండో పక్క ఊదుతుంది. తీసిన హీట్ షీల్డులు (పైపు వేడిని అడ్డుకునే రేకులు) తిరిగి పెట్టండి. బోల్టు బెజ్జం తినేసి ఉంటే వెడల్పు వాషర్ వేస్తే సరిపోతుంది.

లీకు చూడటం

తలుపులన్నీ తెరిచిన చోట, వీలైతే ఆరుబయట స్టార్ట్ చేయండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెంటనే చూడాలి. టెయిల్‌పైపును మందపాటి గుడ్డతో కాసేపు అదిమి పట్టుకుంటే లీకున్న చోట చీదినట్టు శబ్దం వస్తుంది. సబ్బునీళ్లు చల్లితే బుడగలు చోటు చూపిస్తాయి. మొదటి కొన్ని నిమిషాలు కొత్త పైపు మీది నూనె కాలి పొగ, వాసన వస్తాయి, దానికి కంగారు పడొద్దు.

సెన్సర్‌కు ముందున్న లీకును చిన్నదని వదిలేయకూడదు. పైపులో ఒత్తిడి ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది కాబట్టి ఆ సందులోంచి బయటి గాలి లోపలికీ వస్తుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది, ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, క్యాట్ మితిమీరి వేడెక్కి పాడవుతుంది.

ఓ అరగంట నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి నట్లన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. కొత్త గ్యాస్కెట్ మొదటి వేడికి కొంచెం అణుగుతుంది, కాబట్టి ఒకటి రెండు నట్లు పావు చుట్టు తీసుకోవడం మామూలే. నడిపేటప్పుడు గుంతల్లో మాత్రమే టక్కుమంటే రబ్బరు దగ్గర ఎడం చాలలేదు. ఒక్క ఇంజిన్ వేగం దగ్గరే జరజరమంటే హీట్ షీల్డ్ బోల్టు వదులుగా ఉంది, ముందు అదే చూడండి.